బ్యాంగుతో మొదలు... మరి ముగింపు?

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని మన సంఘం పెద్దలు కోరారు. నిజామాబాద్, బోధన్ ప్రాంతాల పాఠశాలల్లో ముప్పయ్యేళ్ళకు పైగా ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయిన వాణ్ణి. చరిత్రకారుణ్ణి కాను. అందుచేత నాకు అలవాటైన దారిలోనే, ఒక మాటను పట్టుకొని చరిత్రలోకి వెళ్ళడానికి ప్రయత్నిస్తాను. ఆ మాట మీకందరికీ తెలిసినదే: ‘బ్యాంగ్’.

పదవీ విరమణ సభలకు మనమంతా లెక్కలేనన్ని సార్లు వెళ్ళాం. పూలదండ, శాలువా, గోడ గడియారం అయ్యాక ఎవరో ఒక మిత్రుడు మైకు అందుకొని, “మా సారు సర్వీసును బ్యాంగుతో మొదలుపెట్టారు, బ్యాంగుతో ముగించారు” అంటాడు. చప్పట్లు మోగుతాయి. ఆ సారు రోజుకు ఎనిమిది గంటల చొప్పున ముప్పయ్యేళ్ళు ఫైళ్ళలో తల దూర్చి చేసిన పని మాత్రం ఆ రెండు చప్పుళ్ళ నడుమ ఎక్కడో పడిపోతుంది. ఈ మాట మీద నాకున్న ఫిర్యాదు అదే. మనిషికైనా, ఊరికైనా, కార్ఖానాకైనా మొదటి రోజునూ చివరి రోజునూ మాత్రమే చూపించి, మధ్యనున్నదాన్ని దాచేస్తుంది. మన జిల్లాలో ఇందుకు బోధన్ చక్కెర కార్ఖానాను మించిన ఉదాహరణ లేదు.

మాట పుట్టు పూర్వోత్తరాలు

బ్యాంగ్ అంటే పెద్ద చప్పుడు. సుత్తి దెబ్బ, తుపాకి పేలుడు, తలుపు ధడాలున పడటం అన్నీ అందులోకే వస్తాయి. ఉత్తర ఐరోపా భాషల్లో ‘కొట్టడం’ అనే అర్థమున్న మాట నుంచి 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చిందని నిఘంటుకారులు చెబుతారు. గొప్ప ఆరంభానికీ గొప్ప ముగింపుకీ ఈ చప్పుడును వాడటం తర్వాతి కాలపు అలవాటు. ముగింపు సంగతికి వస్తే, ఈ మాటకు పేరు తెచ్చినవాడు టి.ఎస్. ఎలియట్. 1925లో వచ్చిన ‘ది హాలో మెన్’ అనే కవిత చివర ఆయన పెద్ద చప్పుడునూ సన్నని మూలుగునూ పక్కపక్కన పెట్టాడు. అప్పటినుంచి ఏది ముగిసినా, ఈ రెంటిలో ఏ తీరుగా ముగిసిందని అడగడం ఇంగ్లీషువారికి పరిపాటి అయింది.

విచిత్రమేమిటంటే, చరిత్రలో పేరుపడ్డ బ్యాంగులు కొన్ని అసలు బ్యాంగులే కావు. 1605 నవంబరు 5న లండనులో పార్లమెంటు భవనాన్ని పేల్చడానికి 36 పీపాల తుపాకిమందు దాచిపెట్టారు. కాపలాగా ఉన్న గై ఫాక్స్ ముందే పట్టుబడ్డాడు. మందు పేలనే లేదు. ఆ పేలని మందు పేరున ఇంగ్లండులో నాలుగు వందల ఏళ్ళుగా టపాకాయలు కాలుస్తున్నారు. ఎలియట్ కవిత మొదట్లోనూ ఆ గై ప్రస్తావన ఉంది. అలాగే విశ్వం పుట్టుకను ‘బిగ్ బ్యాంగ్’ అని 1949లో బి.బి.సి. రేడియో ప్రసంగంలో అన్నది ఫ్రెడ్ హాయిల్. ఆయనకు ఆ సిద్ధాంతం మీద నమ్మకం లేదు. నమ్మిన శాస్త్రజ్ఞులేమో అది ఒకచోట జరిగిన పేలుడు కాదనీ, అన్నిచోట్లా సాగిన విస్తరణ అనీ చెబుతారు. అయినా చప్పుడు పేరే నిలిచిపోయింది. చెవికి ఇంపైన మాట ఉంటే నిజం వెనుక వరుసలో కూర్చోవలసి వస్తుంది.

మన భాషలో ఏమంటాం?

“సార్, బ్యాంగుకు తెలుగులో ఏమంటారు?” అని తరగతిలో పిల్లలు అడుగుతూ ఉండేవారు. జవాబుకు కరువు లేదు. ‘అట్టహాసంగా’ అంటాం. అట్టహాసమంటే అసలు అర్థం పెద్ద నవ్వు. అంటే ఇంగ్లీషువాడు పేలుడుతో మొదలుపెట్టే పనిని మనం నవ్వుతో మొదలుపెడతాం. ‘డంకా బజాయించి’ అంటాం. అది ఉర్దూ నుంచి వచ్చిన నగారా మోత. ఇక మన తెలంగాణలో ‘ధూంధాంగా’ అనడం పుట్టుకతో వచ్చిన మాట. 2002లో, అప్పటికి మన జిల్లాలోనే ఉన్న కామారెడ్డిలో మొదలైన ఆటపాటల ఉద్యమం ఆ పేరే పెట్టుకొని రాష్ట్రమంతా తిరిగింది.

ముగింపుకు మన మాటలు ఇంకా లోతైనవి. ‘మంగళం పాడారు’ అంటాం, ‘భరతవాక్యం పలికారు’ అంటాం. మొదటిది హరికథ నుంచి, రెండవది నాటకం నుంచి వచ్చాయి. హరిదాసు కథ పూర్తిచేసి విన్నవారికందరికీ శుభం కలగాలని పాడేది మంగళం. నాటకం చివర లోకం చల్లగా ఉండాలని పలికేది భరతవాక్యం. రెండూ దీవెనలే. మన పెద్దల దృష్టిలో ముగింపు అంటే చప్పుడూ కాదు, మూలుగూ కాదు, కూర్చున్నవారిని దీవించి పంపించడం. పత్రికల వాడకంలో పడి ‘మంగళం పాడటం’ అంటే ‘మూసేయడం’ అనే అర్థం మిగిలింది. దీవెన పోయి తాళం ఒక్కటే నిలిచింది.

భర్తృహరి నీతిశతకాన్ని ఏనుగు లక్ష్మణకవి తెలుగులో మన చేత చిన్నప్పుడే కంఠతా పట్టించాడు. అందులో పని మొదలుపెట్టేవారిని మూడు తెగలుగా విభజించాడు కదా: అడ్డంకులకు భయపడి మొదలే పెట్టనివారు, మొదలుపెట్టి మధ్యలో వదిలేవారు, ఎన్ని అడ్డంకులు వచ్చినా పట్టు వదలనివారు. ఆ లెక్కలో చప్పుడు ప్రసక్తే లేదు. ఆయన కొలత ‘మధ్య’లో ఉంది. ఈ కొలతతోనే మన చక్కెర కథను చూద్దాం.

1937 కంటే ముందే మొదలైన కథ

నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో బోధన్ పక్కన పుట్టింది. అదే ఏడాది ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలన రజతోత్సవాలు రాజ్యమంతటా జరిగాయి. కార్ఖానా చుట్టూ లేచిన కాలనీకి శక్కర్‌నగర్ అని పేరు పెట్టారు. ఊరి పేరులోనే తీపి. ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర కార్ఖానా అని ఒకప్పుడు చెప్పుకొనేవారు. వేల ఎకరాల సొంత చెరుకు పొలాలు, ఆస్పత్రి, బడి, క్వార్టర్లు, జానకంపేట నుంచి బోధనుకు రైలు మార్గం. బ్యాంగ్ అనదగ్గ ఆరంభమంటే ఇదే.

అయితే ఆ చప్పుడుకు ముందు చాలాకాలం చప్పుడు లేని పని జరిగింది. 1923లో మంజీర నది మీద నిజాంసాగర్ ఆనకట్ట పని మొదలైంది, 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ దాని ఇంజనీరు. 2 లక్షల 75 వేల ఎకరాల ఆయకట్టు దాని లక్ష్యం. ఊళ్ళు ముంపుకు పోయాయి, ఎక్కడెక్కడి కూలీలో రాళ్ళు మోశారు, కాలువలు తవ్వారు. ఆ నీళ్ళు లేకపోతే బోధన్ నేలలో అంత చెరుకు లేదు. మరోవైపు 1932లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం విదేశీ చక్కెర మీద సుంకాలు వేసి దేశీయ పరిశ్రమకు రక్షణ చట్టం చేసింది. దేశంలో ముప్పయి వరకు ఉన్న చక్కెర మిల్లులు నాలుగైదేళ్ళలో 130 దాటాయి. అంటే 1937 నాటి మన ఆరంభం వెనుక ఒక నది, ఒక చట్టం, పద్నాలుగేళ్ళ శ్రమ ఉన్నాయి. ప్రారంభోత్సవాల్లో దండలు పడేది రిబ్బను కత్తిరించేవారికే. కాలువ తవ్విన చేతులకు అక్కడ కుర్చీ ఉండదు.

నీళ్ళ వెంట మనుషులు వచ్చారు. కోస్తా జిల్లాల నుంచి రైతులు తరలివచ్చి ఆయకట్టులో భూములు కొని ‘క్యాంపు’ల పేరుతో పల్లెలు కట్టుకున్నారు. కార్ఖానా కొలువులకు దేశం నలుమూలల నుంచి వచ్చారు. నా తరగతి గదిలో ఒకే బెంచీ మీద ఒకడు ‘చెరుకు గడ’ అనేవాడు, ఇంకొకడు ‘గన్నా’ అనేవాడు, మూడోవాడు మరాఠీలో ‘ఊస్’ అనేవాడు. ముగ్గురూ బండి వెనుక పరుగెత్తి గడ లాగడంలో మాత్రం ఒకటే భాష.

చప్పుడు లేని మరి రెండు ఆరంభాలు

అదే 1937లో ఇందూరులో, అంటే మన నిజామాబాదులో, నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ ఆరవ సమావేశం మందుముల నరసింగరావు గారి అధ్యక్షతన జరిగింది. తెలుగు భాషకూ, తెలుగు ప్రజల హక్కులకూ చోటు కావాలని అడిగిన సభ అది. ఒకే ఏడాది, ఒకే జిల్లాలో రెండు ఆరంభాలు: ఒకటి ప్రభువు తలపెట్టిన కార్ఖానా, రెండవది ప్రజలు తలపెట్టిన మాట.

మరి పదేళ్ళ తర్వాత దాశరథి కృష్ణమాచార్య గారిని ఇందూరు ఖిల్లాలోని జైలుకు తెచ్చారు. వట్టికోట ఆళ్వారుస్వామి గారూ అక్కడే బందీ. దాశరథి గారు జైలు గోడల మీద బొగ్గు ముక్కతో పద్యాలు రాశారు. రాయడం, అధికారులు తుడిపించడం, మళ్ళీ రాయడం. బొగ్గు గోడ మీద గీస్తే ఎంత చప్పుడవుతుంది? పక్క గదికి కూడా వినపడదు. 1948 సెప్టెంబరు 13న సైనిక చర్య మొదలై, 17న నిజాం లొంగిపోవడంతో, రెండు శతాబ్దాలు దాటిన ఆసఫ్‌జాహీ పాలన అయిదు రోజుల్లో ముగిసింది. ఫిరంగులు మోగిన ఆ అయిదు రోజులు పరీక్ష పేపర్లలో ప్రశ్నగా మిగిలాయి. బొగ్గుతో రాసినవి మాత్రం జనం నోళ్ళలో ఇప్పటికీ ఉన్నాయి.

సీజన్: కార్ఖానా అసలు జీవితం

కార్ఖానా ఏడాదికొకసారి పుట్టి, ఏడాదికొకసారి నిద్రపోయేది. చలికాలం రాగానే బాయిలర్ పూజ, కొబ్బరికాయ, క్యారియర్ మీద మొదటి చెరుకు గడలు. సైరన్ మోగిందంటే నాలుగైదు నెలలపాటు బోధన్ గడియారం అదే. బండ్లు బారులు తీరేవి. బోధన్ ఒకప్పటి ఏకచక్రపురమనీ, బకాసురుడికి బండెడు అన్నం పంపింది ఇక్కడి నుంచేననీ స్థానికుల నమ్మకం. మిల్లు నోటికి బండి వెనుక బండి వెళ్ళడం చూస్తే ఆ కథ గుర్తుకు రాకమానదు. ఒక్కటే తేడా. బకాసురుడు తిని ఊరుకున్నాడు, ఇది తిని ఊరికి అన్నం పెట్టింది.

చెరుకు కోసిన గంట నుంచీ అందులోని తీపి తగ్గడం మొదలవుతుంది. అందుకే ఏ రైతు ఏ రోజు కోయాలో కార్ఖానా చీటీ ఇచ్చేది. కోత, బండి, కాటా, మిల్లు ఒకదాని వెంట ఒకటి సాగాలి. టన్ను చెరుకు ఆడితే రమారమి ఒక క్వింటాలు చక్కెర. మిగిలిన పిప్పి బాయిలర్లో కాలి అదే మిల్లును నడిపేది. మడ్డి సారా బట్టీలకు పోయేది. ఏదీ వృథా కాదు. రసం ఎప్పుడు పాకానికి వచ్చిందో, గింజ ఎప్పుడు కట్టిందో చూపుతో, వేలి కొసతో చెప్పగలిగిన పనివారు ఉండేవారు. ఆ నేర్పు ఒక్కరోజులో రాదు. ఒక సీజన్‌లోనూ రాదు.

ఇక్కడొక సంగతి గమనించాలి. సీజన్ ముగింపుకు బ్యాంగ్ ఉండదు. చెరుకు అయిపోయిన రోజున ముందు మిల్లు ఆగుతుంది. ఆ తర్వాత కూడా రసం కాచడం, పాకం దించడం, మిగిలిన మడ్డిలోంచి చివరి గింజ దాకా రాబట్టడం కొన్నాళ్ళు సాగుతుంది. తొట్లన్నీ ఖాళీ చేసి కడుగుతారు. చక్కెర పరిశ్రమ పరిభాషలో ఈ పనిని ‘లిక్విడేషన్’ అంటారు. వచ్చే సీజన్‌కు ఇల్లు సర్దిపెట్టడమన్నమాట.

ముగింపు ఏ రోజున?

“ఫ్యాక్టరీ ఎప్పుడు మూతపడింది సార్?” అని కుర్రవాళ్ళు అడుగుతారు. 2015 డిసెంబరు 23 అని జవాబు చెప్పవచ్చు. ఆనాడు శక్కర్‌నగర్, మెట్‌పల్లి, మంబోజిపల్లి యూనిట్లలో లే-ఆఫ్ ప్రకటించారు. ఒక నోటీసు కాగితం. సీజన్ నడవవలసిన డిసెంబరు నెలలో సైరన్ మోగలేదు. చడీచప్పుడు లేకుండా అంటే ఇదే.

కానీ అది నిజమైన జవాబేనా? 2002లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఈ మూడు యూనిట్లనూ ఉమ్మడి సంస్థగా మార్చి 51 శాతం వాటా ప్రైవేటు పక్షానికి ఇచ్చింది. ముగింపు అప్పుడే మొదలైందనేవారున్నారు. 2004 తర్వాత శాసనసభా సంఘం ఆ వ్యవహారాన్ని విచారించింది. ప్రభుత్వాలు మారాయి, హామీలు మారలేదు. ఇంకొంచెం వెనక్కు వెళితే, నిజాంసాగర్‌లో పూడిక చేరుతూ వచ్చింది. మొదట సుమారు 30 టి.ఎం.సి.లు పట్టే జలాశయం తర్వాతి లెక్కల్లో 18కి దిగింది. ఎగువన సింగూరు కట్టి మంజీర నీటిని హైదరాబాదు దాహానికి మళ్ళించారు. చివరి మడుల రైతు చెరుకు మాని వేరే పంటలకు మళ్ళాడు. ఇవేవీ ఒక్క రోజున జరిగినవి కావు. వీటికి శిలాఫలకాలు లేవు, ఫొటోలు లేవు.

2019లో జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ ఆ సంస్థ లిక్విడేషన్‌కు ఉత్తర్వు ఇచ్చింది. మాట అదే, అర్థం తలకిందులు. కార్మికుడి లిక్విడేషన్‌లో తొట్టి కడిగేది వచ్చే ఏడాది కోసం. కోర్టు లిక్విడేషన్‌లో తొట్టినే వేలానికి పెడతారు. జీతాల బకాయిల కోసం కార్మికులు ఏళ్ళ తరబడి ధర్నాలు చేశారు. క్వార్టర్ల గోడలు పగుళ్ళిచ్చాయి. 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం పునరుద్ధరణ కోసం కమిటీ వేసింది. మళ్ళీ సైరన్ మోగితే సంతోషించేవారిలో నేను ముందుంటాను. కానీ ఇన్నేళ్ళ విరామంలో పాకం చూసే చూపు ఎంతమందికి మిగిలి ఉందన్నది కమిటీలు తేల్చగల సంగతి కాదు.

‘ఫలానా రోజున మూతపడింది’ అనడంలో ఒక సౌకర్యం ఉంది. తప్పంతా ఆ రోజు మీదకు నెట్టేయవచ్చు. నోటీసు మీద సంతకం చేసినవాడు ఒక్కడే కనిపిస్తాడు. పూడిక తీయనివారు, యంత్రాలు మార్చనివారు, ఫైలు పక్కన పెట్టినవారు, చూస్తూ ఊరుకున్నవారు అందరూ తప్పించుకుంటారు. బ్యాంగ్ అనే మాట వల్ల చరిత్రకు జరిగే అసలు నష్టం ఇదే. ప్రారంభోత్సవాన్ని నమ్మినవాడు కాలువ తవ్వినవాణ్ణి మరిచిపోతాడు. మూత పడిన రోజును మాత్రమే గుర్తుంచుకున్నవాడు అంతకు ముందరి ముప్పయ్యేళ్ళను మరిచిపోతాడు.

చివరిగా ఒక విన్నపం

మన సంఘంలో ఆ కార్ఖానాలో పనిచేసినవారున్నారు, నీటిపారుదల, రెవెన్యూ, రైల్వే, సహకార శాఖల్లో ఆ చెరుకుతో ఏదో ఒక సంబంధం ఉన్నవారున్నారు. ఏటా ఆ సంఖ్య తగ్గుతోంది. సంతాప తీర్మానాలు రాసే చేతితోనే ఇంకొకటి కూడా రాద్దామని నా విన్నపం. ఎవరు ఏ విభాగంలో ఏ పని చేశారు, ఆ పనికి ఏ పేరుండేది, పాకం అదును ఎలా గుర్తుపట్టేవారు, కాటా దగ్గర తగాదాలు ఎలా తీరేవి, పండుగ బోనసు ఎంత వచ్చేది అన్న వివరాలు ఒక్కొక్కరు రెండేసి పేజీలు రాసినా చాలు. తెలుగులో రాయలేనివారు ఉర్దూలోనో మరాఠీలోనో చెప్పండి, రాసిపెట్టడానికి నాలాంటి పని లేని మాస్టార్లు చాలామందే ఉన్నాం. పాత జీతం చీటీ, సీజన్ పాసు, కోత చీటీ ఏది ఇంట్లో ఉన్నా పారేయకండి.

శక్కర్‌నగర్‌కు ఎవరూ మంగళం సరిగా పాడలేదు. తాళం వేశారు, అంతే. కూర్చున్నవారిని దీవించి పంపించడం మన సంప్రదాయంలో ముగింపు. ఆ కార్ఖానాలో చెమటోడ్చిన ప్రతి మనిషి పేరూ పనీ ఒక పుస్తకంలోకి ఎక్కితే, ఆలస్యంగానైనా ఆ మంగళం పాడినట్లవుతుంది. దానికి మైకూ అక్కర్లేదు, బ్యాంగూ అక్కర్లేదు. ఒక నోటుబుక్కు, ఒక కలం చాలు.